చెప్పిన మాట మళ్లీ దొరికేది ఎక్కడ? ఆర్కుట్, ఫేస్‌బుక్, వాట్సాప్, టెలిగ్రామ్: చర్చ

గోదారిగట్టు:
నా వాదన ముందే చెప్పేస్తాను. ఒకప్పటి సోషల్ సైటు ఆర్కుట్ తర్వాత వచ్చిన సోషల్ మీడియా అంతా చూడ్డానికి అందంగా ఉంది, కానీ వాడకంలో ఒక పెద్ద లోటు ఉంది. ఒకసారి చెప్పిన మాట మళ్లీ దొరకదు. ఆర్కుట్‌లో ఏ కమ్యూనిటీ తెరిచినా టాపిక్‌ల పట్టీ కనిపించేది. ఒక్కో టాపిక్‌కి ఒక పేరు, దాని కింద జవాబులు. ఆర్నెల్ల కిందటి టాపిక్‌కి ఎవరైనా ఇవాళ జవాబిస్తే అది మళ్లీ పైకొచ్చేది. 2006లో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్, అంటే అందరి పోస్టులూ ఒకే వరసలో వచ్చిపోయే పేజీ, పెట్టాక పద్ధతే మారిపోయింది. మనం గట్టున నిలబడి చూస్తుంటాం, మాటలు కొట్టుకుపోతుంటాయి. ఛందస్సు మీదో పాత శాసనాల మీదో ఒకరు రాత్రంతా కూర్చుని రాసింది రెండు రోజుల్లో ఏట్లో పిసికిన చింతపండు అవుతోంది. దీన్ని మంచి డిజైన్ అని ఎలా అంటాం?

ఖమ్మం మిర్చి:
అన్నా, మీరు రాసేవాళ్ల వైపు నుంచే చూస్తున్నారు. మా ఊళ్లో తెలుగు టైపు చేసేవాళ్లు ఎంతమంది? 2021-22లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చి పూత పూతంతా రాలిపోయింది. అప్పుడు నన్ను ఆదుకున్నది వాట్సాపే. పువ్వు విప్పి ఫొటో తీసి గ్రూపులో పెట్టి, ఇదేం పురుగని వాయిస్ మెసేజ్‌లో అడిగాను. గంట తిరక్కముందే పక్క మండలం రైతు ఒకాయన అదేం పురుగో చెప్పి, నీలిరంగు జిగురు అట్టలు కట్టుకోమన్నాడు. మా నాయనకి చదువు రాదు. మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడి వదిలేస్తాడు, అంతే. లిపి అక్కర్లేదు, స్పెల్లింగ్ టెన్షన్ లేదు. ఇంతకంటే మంచి డిజైన్ ఏముంటుంది?

బడిపంతులమ్మ:
ఖమ్మం తమ్ముడి మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకో రెండింటి సంగతి కూడా చూడాలి. ఇప్పుడు ఎక్స్ అంటున్న ట్విట్టర్ 2017లో 140 అక్షరాల హద్దును 280కి పెంచింది. అయితే ఆ లెక్క మన అక్షరాల లెక్క కాదు. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, అక్కడ ఆరు. స, త, ర, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ఒత్తులున్న వాక్యం రాస్తే చోటు ఇట్టే అయిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద లింకు పెడితే నొక్కినా తెరుచుకోదు. మనవాళ్లు కవితని బొమ్మగా చేసి పెడతారు, దాన్ని ఒక్క మాటతో వెతికి పట్టుకోవడం కష్టం.

వాట్సాప్‌లో నాకు బాధ కలిగించేది వేరే ఉంది. కథ ఎవరిదో తెలియకుండా తిరుగుతుంది, చివర "సేకరణ" అని ఒక్క ముక్క. 2018లో మన దేశంలో ఫార్వర్డులకి ఐదు చాట్‌ల హద్దు పెట్టారు, దాంతో వేగం తగ్గుతుందేమో గానీ రాసినవాళ్ల పేరు తిరిగి రాదు.

గోదారిగట్టు:
ఖమ్మం తమ్ముడూ, ఒక్కటే అడుగుతాను. ఆ రైతు చెప్పిన జవాబు మరుసటి ఏడాది గ్రూపులో చేరినవాళ్లకి అందిందా?

ఖమ్మం మిర్చి:
లేదన్నా. మళ్లీ పూతకి వచ్చేసరికి ముగ్గురు అదే అడిగారు. ఈలోగా నా ఫోన్ పాడైంది, పాతవేవీ నా దగ్గర లేవు. ఉన్నా, వాయిస్ మెసేజ్‌లో "తామర పురుగు" అన్న మాట ఎక్కడుందో ఎలా వెతకాలి? ఆయనకే ఫోన్ చేసి మళ్లీ చెప్పించుకున్నాం. ఈ విషయంలో మీదే రైటు.

డాలస్ నుంచి:
గోదారిగట్టు గారూ, మీ వాదనలో ఒక బొక్క ఉంది. ఆర్కుట్‌లో అన్నీ దొరికేవన్నారు, మరి 2014 సెప్టెంబరు 30న ఆ కొట్టే కట్టేశారు కదా! 2020లో వచ్చిన "కూ" అనే యాప్ మన భాషలకి చోటిచ్చింది, 2024లో అదీ మూతపడింది. అల్మరా ఎంత బాగా సర్దుకున్నా ఇల్లు మనది కాదు. టెలిగ్రామ్ సంగతి చూడండి. గ్రూపులో 2 లక్షల మంది పడతారు. బహిరంగ గ్రూపులో కొత్తగా చేరినవాళ్లకీ పాత మాటలు కనిపిస్తాయి. 2022 నుంచి పెద్ద గ్రూపుల్లో టాపిక్‌లు విడగొట్టుకోవచ్చు, అచ్చం మీ ఆర్కుట్ పట్టీలాగే. డిజైన్ ఒక్కటే చూస్తే నా ఓటు దానికే. కానీ మా అమ్మ, పెద్దమ్మ, పిన్నులు అందరూ వాట్సాప్‌లోనే ఉన్నారు. వాళ్లు లేని చోట నాకేం పని?

గోదారిగట్టు:
ఆ బొక్క ఒప్పుకుంటున్నాను. మూతపడే చోటు గురించి నేను ఆలోచించలేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో, అంటే ఆర్కుట్ కంటే నెల ముందు మొదలైంది. ఇప్పటికీ నడుస్తోంది. అందులో ఉన్నదాన్ని ఎవరైనా కాపీ చేసి దాచుకోవచ్చు. అది కబుర్లు చెప్పుకునే చోటు కాదు, నిజమే. అయినా నిలవాల్సిన మాటని గ్రూపులో వదిలేయకుండా అలాంటి చోటికి చేర్చాలి.

ఖమ్మం మిర్చి:
అయితే ఇలా చేద్దాం అన్నా. వచ్చే పూతకి పువ్వులో పురుగు ఫొటోలు నేను తీసి పంపుతా. ఆ రైతు దగ్గర కూర్చుని మళ్లీ అడిగి రికార్డు చేస్తా. దాన్ని అక్షరాల్లో పెట్టే పని మీరూ పంతులమ్మ గారూ చూసుకోండి. ఆయన పేరు మాత్రం పైనే రాయాలి.

బడిపంతులమ్మ:
పంపు తమ్ముడూ. పేరు మొదటి వరసలోనే రాస్తాను.