పోతన కీటకం పద్యం చివర: భయయోగమా, లయయోగమా?

ఉదయగిరి అమ్మాయి:
వారం నుంచీ ఒక కందం నోట్లో తిరుగుతూ చివరి పాదం దగ్గర ఆగిపోతోంది. ‘కీటకముఁ దెచ్చి భ్రమరము’ అని ఎత్తుగడ, భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుతో చెప్పేది. ఆఖర్న నాకు ‘వహించుఁ గాదె లయయోగమునన్’ అని వస్తోంది, మా అమ్మ మాత్రం ‘భయయోగమునన్’ అంటుంది. రెండో పాదం బొత్తిగా గుర్తు రావడం లేదు. నేను పనిచేసేది డ్రోసోఫిలా మీద, అంటే పండీగల మీద. ఈగ కంట్లో ఒక కణం పక్క కణం ఇచ్చిన సంకేతాన్ని అందుకుని తానేం కావాలో అదైపోయే వైనం మీద తెలుగులో వ్యాసం రాస్తున్నా, దానికి పైన ఈ పద్యం పెడదామని. అక్షరం తేలితే గానీ పెట్టలేను, భయమైతే ఒక దారి, లయమైతే ఇంకో దారి.

కావలి మాస్టారు:
అమ్మగారి పాఠమే సరైనది తల్లీ.

కీటకముఁ దెచ్చి భ్రమరము
పాటవమున బంభ్రమింప భ్రాంతంబై త
త్కీటకము భ్రమరరూపముఁ
బాటించి వహించుఁ గాదె భయయోగమునన్

యతి చూసుకోండి. నాలుగో పాదం ‘బా’తో మొదలైంది, నాలుగో గణం మొదట ప వర్గమే రావాలి, అక్కడ లకారం పెడితే యతి చెడుతుంది. మూలంలోనూ ‘సంరంభభయయోగేన’ అనే ఉంది. కోపమూ భయమూ రెండూ వ్యాసుడు చెప్పాడు, కందంలో చోటు చాలకో మరెందుకో పోతన భయాన్నే ఉంచుకున్నాడు.

గూడూరు:
యతి ఒప్పుకున్నాం మాస్టారూ, అయినా మా నాయన కూడా ‘లయ’ అనే చదివేవాడు, అంటే ఆ పాఠం జనం నోట బతికుందన్నమాట. దాన్ని అలా ఉంచండి, నన్ను అసలు పీడించేది ‘బంభ్రమింప’. తుమ్మెద ఝుంకారం చేస్తే విని పురుగు తుమ్మెద అయిపోతుందని అందరం చెప్పుకుంటాం కదా, పద్యంలో ఝుంకారం ఏదీ? బంభ్రమించడమంటే చుట్టూ మళ్ళీ మళ్ళీ తిరగడం, అంతే. చప్పుడు మనం తర్వాత కలుపుకున్నది.

ఒంగోలు పాతపుస్తకాలు:
ఝుంకారం ఉందన్నా, ‘పాటవమున’లో ఉంది. పటుధ్వని, పటునాదం అనడం లేదా? పటు అంటే గట్టిగా అని కూడా. దానికి తోడు బంభరమంటే తుమ్మెద. బంభరం వినిపించేలా బంభ్రమింప అని వేశాడు, పాదమంతా బకార భకారాలతో రొద పెడుతోంది. పోతన చెవి అలాంటిది.

కావలి మాస్టారు:
చెవికి బాగుంది, వ్యాకరణానికి కుదరదు నాయనా. బంభ్రమించడం భ్రమ్ ధాతువుకు యఙంతం, అంటే పని మళ్ళీ మళ్ళీ జరగడాన్ని చెప్పే రూపం, చంక్రమణం ఎలాగో ఇదీ అలాగే. బంభరానికీ దీనికీ చుట్టరికం లేదు. పాటవమంటే ఇక్కడ నేర్పు.

ఉదయగిరి అమ్మాయి:
ఈ చర్చ నాకు చాలా కావాలి, ఎందుకంటే మా దగ్గరా ఇదే పేచీ. సంకేతం దూరం నుంచి వచ్చిందా, తాకితే అందిందా అన్నది. ముదిరిన లార్వాను కోసి, కన్ను కాబోయే ఆ చిన్న పొరను తీసి మైక్రోస్కోపు కింద పెడితే మధ్యలో ఒక సన్నని గాడి కనిపిస్తుంది. అది వెనక నుంచి ముందుకు జరుగుతూ ఉంటుంది, దాటిన మేరా కణాలు గుంపులు గుంపులుగా సర్దుకుంటాయి. ఒక్కో గుంపులో వెలుగును పట్టే కణాలు ఎనిమిది, అలాంటి గుంపులు కంటికి 750 దాకా. మొదట తేలేది ఎనిమిదో నంబరు కణం, చివరికి మిగిలేది ఏడోది. ఎనిమిదో కణం తన ఒంటి మీదే ఒక ప్రోటీన్ పెట్టుకుని ఉంటుంది, దాని పేరు బాస్. దాన్ని ఆనుకున్న కణం మీద సెవెన్‌లెస్ అనే గ్రాహకం, అంటే సంకేతాన్ని అందుకునే ప్రోటీన్, ఉంటే, ఆ తాకిడితో అది ఏడో కణం అవుతుంది. రెండిట్లో ఏది చెడినా ఆ కణం చావదు, కటకాన్ని తయారుచేసే మామూలు కణంగా మిగిలిపోతుంది. ఏడోది లేని ఈగకు అతినీలలోహిత కాంతి వైపు వెళ్ళాలని ఉండదు, అసలు ఈ లోపం బయటపడిందే అట్లా. ఇందులో చప్పుడు పనిచేయదు, ఆనుకుని ఉండాలి. అందుకే గూడూరు అన్న అర్థం నాకు ఎక్కువ నచ్చుతోంది.

అద్దంకి:
అమ్మా, కణం కథ అద్భుతంగా ఉంది, అందుకే ఈ పద్యం పెట్టొద్దంటున్నా. గోడకు మట్టిగూడు కట్టే కందిరీగ గొంగళిపురుగును కుట్టి, కదలకుండా చేసి గూట్లో పెట్టి గుడ్డు పెడుతుంది. పిల్ల ఆ పురుగును తిని పెరిగి బయటికొస్తుంది. చూసినవాళ్ళు పురుగే కందిరీగ అయిందనుకున్నారు. మీ కణం నిజంగా మారుతుంది, ఆ పురుగు మారలేదు, తినబడింది. పెట్టాలంటే మూలంలో ఏకాదశ స్కంధం చూడండి, అక్కడ ‘పూర్వరూపమసంత్యజన్’ అని ఉంది, పాత రూపు విడవకుండానే అని. మీ కణం కూడా ఏం మారినా లోపలి జన్యువులు అవే కదా. తెలుగులో ఆ స్కంధం పోతనది కాదు, వెలిగందల నారయ చేతిది.

గూడూరు:
‘అసంత్యజన్’ దగ్గర వ్యాఖ్యాతలే తలో దారి పట్టారు, దాన్ని నమ్ముకుని వ్యాసం కట్టొద్దు. దూరం సంగతేంటమ్మా, దూరం వెళ్ళే సంకేతాలు లేవా?

ఉదయగిరి అమ్మాయి:
ఉన్నాయి. వింగ్‌లెస్ అని ఒకటి ఉంది. రెక్కల్లేని ఆ ఈగను ఢిల్లీలో ఆర్.పి. శర్మ గుర్తించి 1973లో రాశారు. 1987లో చూస్తే ఎలుకల్లో కేన్సర్‌తో ముడిపడ్డ ఇంట్-1 జన్యువూ ఇదీ ఒకటే. రెండు పేర్లూ కలిపి ఇవాళ ప్రపంచమంతా వింట్ అంటోంది. ఒక మన శాస్త్రవేత్త చూసిన ఈగ నుంచి ఇంత కథ నడిచింది, మన పిల్లలకు ఆ పేరు తెలియాలి. ఇది కణం నుంచి కణానికి ప్రయాణిస్తూ పోతుందని చాలాకాలం నమ్మారు. 2014లో దాన్ని కణం పొరకే కట్టేసి కదలకుండా చేస్తే, ఎదుగుదల కాస్త ఆలస్యమైనా రెక్కలు దాదాపు మామూలుగానే వచ్చాయి. అప్పట్నుంచీ ప్రయాణం ఎంత, తాకిడి ఎంత అన్నది తేలలేదు.

ఒంగోలు పాతపుస్తకాలు:
ఒక్క మాట. ‘పండీగ’ అని రాయకండి. ఉలవపాడు మామిడి రైతుకు పండు ఈగ అంటే కాయకు గాటు పెట్టి గుడ్లు పెట్టేది, మిథైల్ యూజినాల్ ఎర పెట్టి పట్టేది. మీది మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ. రెండిటిదీ వేరే వేరే కుటుంబం.

అద్దంకి:
భ్రమరకీటం అంటే నాకెప్పుడూ మా ఎఱ్ఱనే గుర్తొస్తాడు. నన్నయ ‘శారదరాత్రులు’ దగ్గర ఆగిపోతే, అరణ్యపర్వశేషం నన్నయే రాసినట్టు రాజరాజనరేంద్రుడికే అంకితంగా పూర్తి చేశాడు. నన్నయలా మొదలుపెట్టి తిక్కనలోకి తేలాడు. ఇద్దరి మధ్యా వారధి కట్టిన ఆ నేర్పు ఇంకెవరికీ లేదు.

గూడూరు:
అద్దంకి అన్న దారికొచ్చాడు! మా తిక్కనను ఆనుకుంటే ఎవరైనా తిక్కనే అవుతారు. అది భయయోగం కాదు, లయయోగం. మాస్టారు యతి అడ్డం పెట్టినా నేను లయ వదలను.

అద్దంకి:
తిక్కన దాకా ఎందుకు, ఎఱ్ఱన మొదటి పద్యమే చూడు. ‘స్ఫురదరుణాంశురాగరుచిఁ బొంపిరివోయి’. అంత పొడుగు సమాసం నన్నయది, దాని వెంటే ‘పొంపిరివోయి’ అని అచ్చ తెలుగు పడింది. ఎవరినీ ఆనుకోకముందే ఎఱ్ఱన ఎఱ్ఱనే.

కావలి మాస్టారు:
ఆ ‘పొంపిరివోయి’కి పొంగిపోయి అని సరిపెట్టుకుంటారు, నాకు ఒప్పుదల లేదు. అక్కడ నిండడమా, అతిశయించడమా? ‘రుచిఁ’ దగ్గర అరసున్నను తృతీయగా, అంటే ‘రుచిచేత’ అని, తీసుకుంటేనే ఏ అర్థమైనా నిలుస్తుంది. ముందు మీ ఇద్దరూ అది చెప్పండి.