గురి సాధనకు మ్యాగ్నమ్ రివాల్వర్: ఏ తయారీ మేలు?

గురిపీట:
లక్ష్య సాధన కోసం .357 మ్యాగ్నమ్ రివాల్వర్ ఒకటి తీసుకోదలచాను. స్మిత్ అండ్ వెసన్ 686, రూగర్ జీపీ100, కోల్ట్ పైథాన్, ఈ మూడింటి మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. బ్యారెల్ 4 అంగుళాలు చాలునా, 6 అంగుళాలు ఉండాలా అన్నది కూడా తేలలేదు. నా చేయి చిన్నది. సాధనలో ఎక్కువగా .38 స్పెషల్ వాడ్‌కట్టర్లే (ముక్కు చదునైన గుండున్న తూటాలు, .357లోనూ పేలతాయి) కాలుస్తాను, మ్యాగ్నమ్ తూటాలు అప్పుడప్పుడూ మాత్రమే. వాడినవారు తమ అనుభవం రాయగలరు.

నల్లఉక్కు:
ట్రిగ్గర్ మాట వస్తే పైథాన్ పక్కన నిలబెట్టదగినది నాకు మరొకటి కనబడలేదు. 1955లో వచ్చిన పాత పైథాన్‌ను సరిగ్గా అమర్చి ఉంచితే, ట్రిగ్గర్ నొక్కి పట్టిన క్షణంలో తూటాలుండే సిలిండర్ ఇసుమంతైనా కదలదు. కాకపోతే దాని డబుల్ యాక్షన్ లాగుడు (ట్రిగ్గర్ ఒక్కటే లాగి సుత్తిని ఎత్తి కాల్చడం) చివరికి వచ్చేసరికి బరువెక్కేది. 2020లో కోల్ట్ మళ్లీ తెచ్చిన పైథాన్‌లో ఆ ఇబ్బంది లేదు, లాగుడు మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున సాగుతుంది. పాతదే గొప్పదని వాదించేవారు చాలామంది ఆ రెంటినీ ఒకే రోజున చేతబట్టి చూసి ఉండరు.

పోతపోసినవాడు:
పోత ఫ్రేమ్, అంటే అచ్చులో పోసిన రివాల్వర్ చట్రం, అనగానే ముక్కు విరిచేవారి కోసం రాస్తున్నాను. రూగర్ వారు మైనపు అచ్చు పద్ధతిలో ఫ్రేమ్‌ను పోస్తారు, బలం కావలసిన చోట ఉక్కు మందం పెంచుతారు. 1985లో వచ్చిన జీపీ100 ఫ్రేమ్‌కు విప్పి తీసే పక్క పలక ఉండదు, రెండు వైపులా నిండైన గోడలే. సిలిండర్‌కు ముందు, వెనుక, అడుగున మూడు చోట్ల గడియ పడుతుంది. కొత్తలో ట్రిగ్గర్ గరుకుగా ఉంటుందన్న మాట నిజమే, కాలుస్తూ పోతే నునుపు తేలుతుంది. మ్యాగ్నమ్ తూటాలను రోజంతా కాల్చినా నా రివాల్వర్‌లో ఏదీ సడలలేదు.

సగంమందు:
ఫ్రేమ్ బలం గురించి ఇంత రాసే ముందు ప్రశ్న మళ్లీ చదవండి. వాడ్‌కట్టర్లే కాల్చే మనిషికి మ్యాగ్నమ్ దేనికి? .38 స్పెషల్ ఇత్తడి గొట్టం .357 గొట్టం కన్నా సుమారు 3.4 మిల్లీమీటర్లు పొట్టి. మ్యాగ్నమ్ ఛాంబర్‌లో, అంటే సిలిండర్‌లో తూటా కూర్చునే గూటిలో, దాన్ని పెట్టినప్పుడు గుండు బ్యారెల్ లోపలి మెలి గాడులను (రైఫ్లింగ్‌ను) చేరేలోపు అంత దూరం అదనంగా దూకవలసి వస్తుంది. పైగా గొట్టం మూతి ఆగిన చోట మసి, సీసం కలిసి వలయంగా పేరుకుంటాయి. ఆ తర్వాత మ్యాగ్నమ్ తూటా పెడితే అది చివరిదాకా దిగదు, దిగినా పేలాక ఖాళీ గొట్టం బయటికి రాదు. నా పాత రివాల్వర్‌లో వాటిని చెక్క ముక్కతో తట్టి తీయవలసి వచ్చేది. తయారీదారు పేరు రాయడం లేదు, ఈ బాధ ఏ తయారీలోనైనా తప్పదు.

రెండోగురి:
ఛాంబర్ తుడవని తప్పును తూటా నెత్తిన రుద్దడం బాగుంది. కాల్చడం ముగిసిన వెంటనే ఇత్తడి బ్రష్‌ను నాలుగుసార్లు తిప్పితే ఆ వలయం ఉండదు. ఏళ్ల తరబడి .357 ఛాంబర్లలో .38 కాలుస్తూ పోటీల్లో నెగ్గినవారు ఎందరో ఉన్నారు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) సెంటర్ ఫైర్ పిస్తోలు పోటీలో అసలు మ్యాగ్నమ్ తూటాలనే అనుమతించరు, కాబట్టి అక్కడికి .357 రివాల్వర్ తెచ్చినవారు కాల్చేది .38 వాడ్‌కట్టర్లే. ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువు మోయాలన్న నియమం, బ్యారెల్ 153 మిల్లీమీటర్లకు మించరాదన్న నియమం కూడా ఉన్నాయి. 6 అంగుళాలంటే 152.4 మిల్లీమీటర్లు.

సగంమందు:
నెగ్గినవారు ఉన్నారన్నది వాదన కాదు. గుండుకు ఆ అదనపు దూకుడు లేకపోతే ఇంకెంత బాగా నెగ్గేవారో మీరు చెప్పగలరా? బ్రష్ తిప్పడం నాకూ తెలుసు, నాకు పాఠం చెప్పనక్కరలేదు.

బల్లపని:
రివాల్వర్లను విప్పి బిగించడమే నా వృత్తి కనుక, మీ ఇద్దరి వాదన చదువుతుంటే ఓర్పు నశిస్తోంది. ఇంతమందిలో ఒక్కరైనా సిలిండర్ ముందు వైపు రంధ్రాలను కొలిచారా? గుండు ఛాంబర్ నుంచి బయటికి వచ్చే ఆ రంధ్రం బ్యారెల్ లోపలి గాడుల వ్యాసం కన్నా ఇరుకుగా ఉంటే, సీసపు గుండు అక్కడే నలిగి సన్నబడి బ్యారెల్‌లో వదులవుతుంది. దాని పక్కల నుంచి వేడి వాయువు తన్నుకు వచ్చి సీసాన్ని కరిగించి బ్యారెల్‌కు పూస్తుంది, గురి చెదురుతుంది. .357 బ్యారెల్‌కు రంధ్రం .358 అంగుళాల దరిదాపుల్లో ఉండి, ఆరింటి కొలతా ఒకటే అయితే, పేరు ఎవరిదైనా ఆ రివాల్వర్ కాలుస్తుంది. ఒకే తయారీదారు నుంచి వచ్చిన రెండు రివాల్వర్లలో ఒకటి మేలుగానూ, ఒకటి నాసిగానూ ఉండడం నా బల్ల మీద మామూలే. మీరు కంపెనీలను పోల్చుతున్నారు, పోల్చవలసినవి రంధ్రాలు.

నల్లఉక్కు:
కొనేవాడు కొలిచే పరికరం జేబులో పెట్టుకుని వెళ్లాలా? అందుకే కదా నమ్మదగిన పేరు చూసుకుంటాము.

పొట్టేలు200:
ఎవరూ డాన్ వెసన్ రివాల్వర్ పేరు ఎత్తకపోవడం విడ్డూరం. దాని బ్యారెల్‌ను యజమానే విప్పి మార్చుకోవచ్చు. సిలిండర్‌కు, బ్యారెల్‌కు మధ్య సందును సన్నని రేకు గేజ్‌తో సరిచూసి, మూతి దగ్గరి నట్టు బిగిస్తే బ్యారెల్ రెండు కొసలా లాగి పట్టినట్టు నిలుస్తుంది. లోహపు బొమ్మల పోటీలో 50 మీటర్ల వద్ద కోడి, 100 వద్ద పంది, 150 వద్ద టర్కీ, 200 వద్ద పొట్టేలు నిలబెడతారు. ఆ పొట్టేలును తాకడం ఒక ఎత్తు, పడగొట్టడం ఇంకో ఎత్తు. .357 గుండు తగిలినా పొట్టేలు కదలకుండా నిలిచిన సందర్భాలు నాకు బాగా గుర్తున్నాయి. అందుకే అక్కడ చాలామంది 1955లో వచ్చిన .44 మ్యాగ్నమ్ వైపు మొగ్గారు.

రెండోగురి:
ఆయన అడిగింది కాగితపు లక్ష్యం గురించి, మీ పొట్టేళ్ల మంద గురించి కాదు.

పొట్టేలు200:
కాగితమని ఆయన ఎక్కడా రాయలేదు. మళ్లీ చదవండి.

ఎల్‌ఫ్రేమ్:
స్మిత్ తరఫున ఎవరూ మాట్లాడకపోవడంతో నేనే రాస్తున్నాను. స్మిత్ వారి పాత .357 రివాల్వర్ మోడల్ 19 మధ్యస్థమైన కే ఫ్రేమ్ మీద కట్టినది. సిలిండర్‌ను మూసే భాగానికి చోటు కోసం బ్యారెల్ వెనుక కొస అడుగున కొంత మేర చదునుగా కోసేవారు, తేలికపాటి 125 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) గుండున్న మ్యాగ్నమ్ తూటాలు విరివిగా కాల్చినవారికి సరిగ్గా అక్కడే పగుళ్లు వచ్చాయి. ఆ చోట ఉక్కు నిండుగా ఉండేలా ఎల్ ఫ్రేమ్ వచ్చింది, 686 దాని మీదిదే. బ్యారెల్ కింద మూతిదాకా సాగే బరువు వల్ల అది తక్కువగా ఎగురుతుంది, కాల్చిన వెంటనే గురి మళ్లీ కుదురుతుంది. ఇతరులు కాల్చకుండా బిగించేందుకు ఫ్రేమ్ పక్కన పెట్టిన తాళం రంధ్రం మీద కొందరికి ఉన్న కోపం నాకు అర్థం కాదు, గురికి దానితో పనిలేదు.

నల్లఉక్కు:
కోపం గురి గురించి కాదు, అందం గురించి. అంత నున్నని ఫ్రేమ్‌కు కన్నం పెట్టడం మాకు నచ్చలేదు.

సగంమందు:
బల్లపని గారు నా ప్రశ్నను దాటవేశారు. రంధ్రాలు సరిగ్గా ఉన్నా ఆ 3.4 మిల్లీమీటర్ల ఖాళీ అలాగే ఉంటుంది కదా?

బల్లపని:
దాటవేయలేదు, విసుగు పుట్టి వదిలేశాను. వాడ్‌కట్టర్ గుండును .357 గొట్టంలోనే బిగించి, మందు తక్కువ పోసి నింపితే దూకుడూ ఉండదు, వలయమూ ఉండదు. లోతుగా దించిన గుండు వల్ల లోపలి చోటు తగ్గుతుంది కనుక మందు కొలతను పుస్తకంలో చూసి పోయాలి, ఊహించి పోయకూడదు.

రెండోగురి:
తూటాలు సొంతంగా నింపుకునే వీలు అందరికీ ఉండదు. వీలు లేనివారు .38 కాల్చి బ్రష్ తిప్పుతారు, అంతే.

గురిపీట:
అందరికీ కృతజ్ఞతలు. నా చేయి చిన్నదని రాశాను, దాని గురించి ఎవరూ చెప్పలేదు.

పోతపోసినవాడు:
జీపీ100 పిడి లోపల ఉన్నది సన్నని ఉక్కు మొలక మాత్రమే, కాబట్టి దాని మీద ఎంత సన్నని పిడినైనా తొడిగించుకోవచ్చు. కొనే ముందు మీ చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌ను సులువుగా అందుకుంటుందో లేదో చూడండి. రివాల్వర్‌ను పక్కకు తిప్పి పట్టుకుంటే తప్ప అందకపోతే, మీరు ప్రతిసారీ లక్ష్యానికి ఒక పక్కకే కాలుస్తారు.

ఎల్‌ఫ్రేమ్:
686కు కూడా సన్నని పిడులు దొరుకుతాయి. బ్యారెల్ 6 అంగుళాలదే తీసుకోండి, ముందు సైట్‌కు వెనుక సైట్‌కు మధ్య దూరం పెరిగిన కొద్దీ గురిలో చిన్న తేడా కూడా కంటికి ఆనుతుంది.

పొట్టేలు200:
8 అంగుళాలైతే ఇంకా మేలు.

రెండోగురి:
153 మిల్లీమీటర్లని రాశాను.