శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి "రేపు బాబును పంపలేను" అంటే ఏం చేయాలి?

మేము కర్నూలులో ఉంటాం. మావారి మొదటి వివాహంలో పుట్టిన ఎనిమిదేళ్ల బాబు అనంతపురంలో తల్లి దగ్గర పెరుగుతున్నాడు. కోర్టు ఉత్తర్వు ప్రకారం రెండో, నాలుగో శనివారం ఉదయం 10 నుంచి ఆదివారం సాయంత్రం 5 దాకా మా దగ్గర ఉండాలి.

గత ఐదు విడతల్లో మూడుసార్లు మార్చారు. రెండుసార్లు శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక, బంధువుల పెళ్లిళ్లని. (ముహూర్తం ముందురోజు రాత్రి తెలిసే సంగతి కాదు కదా!) మూడోసారి మావారు గుత్తి దాటాక ఫోను: "జ్వరం, వచ్చే వారం రండి." జ్వరం అబద్ధమని అనను, మర్నాడు వాడి గొంతు బొంగురుగానే ఉంది. కానీ ఆ వచ్చే శనివారం నాకు డ్యూటీ, మావారికి కూడా సెలవు దొరకలేదు.

నెల తేదీలన్నీ ముందే వాట్సాప్‌లో పంపాం. చూస్తారు, జవాబివ్వరు. రెండు రోజుల ముందు చెప్పమని మావారు అడిగితే పాత గొడవలు పైకొచ్చాయి. ఆమె అన్నయ్యతో చెప్పిస్తే ఒక్క విడత సవ్యంగా నడిచింది, అంతే. నేను నేరుగా మాట్లాడలేదు. నేను మధ్యలోకి వెళ్తే పని చెడుతుందనే నా అనుమానం.

హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఉత్తర్వును సవరించమని కోర్టును అడగవచ్చని తెలుసు. వాడి కోసమే ఆగుతున్నాం.

కోర్టుకు వెళ్లకుండా, ఎన్ని గంటల ముందు చెప్పాలో, తప్పిన రోజుకు బదులు ఏ రోజో రాతపూర్వకంగా ఒప్పించుకున్నవారు ఆ మాట ఎవరి ద్వారా, ఎలా అడిగించారు?