తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో వినడం మొదలుపెట్టాలంటే ముందు ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌తో నడిచే రేడియో రిసీవర్) కొనాలా, లూప్ (తీగ చుట్ల యాంటెన్నా) చుట్టాలా, లైసెన్స్ తీసుకోవాలా?

ఖమ్మం_కుర్రాడు
అందరికీ నమస్కారం. డిప్లొమా ఈసీఈ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. 30 కిలోహెర్ట్జ్ కింద ఏముందో నా చెవులతో నేను వినాలని ఎప్పటి నుంచో కోరిక. సబ్‌మెరైన్లకు పంపే సిగ్నళ్లు, పిడుగుల చప్పుళ్లు అక్కడే ఉంటాయని చదివాను. చేతిలో 4 వేలు ఉన్నాయి. మా సీనియర్ ఆర్‌టీఎల్ డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టుకునే చవక ఎస్‌డీఆర్) కొనెయ్ అన్నాడు, తెలిసిన ఇంకొకాయన హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ లేకుండా వీటి జోలికి పోవద్దన్నారు. ఏది ముందు చేయాలి?

రాగితీగ, తెనాలి
తమ్ముడూ, ఆ డాంగిల్ మాత్రం ఇప్పుడే కొనకు. అందులో ఉన్న ట్యూనర్ 24 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, డైరెక్ట్ శాంప్లింగ్ ఉన్న మోడల్ తీసుకున్నా 500 కిలోహెర్ట్జ్ కిందికి దాన్ని నమ్ముకోలేం. నువ్వు వినాలనుకుంటున్నది 18 కిలోహెర్ట్జ్. నీకు కావలసిన రిసీవర్ నీ లాప్‌టాప్‌లోనే ఉంది. సౌండ్ కార్డు సెకనుకు 48 వేల శాంపిళ్లు తీసుకుంటుంది కాబట్టి 24 కిలోహెర్ట్జ్ వరకు చూడొచ్చు. తమిళనాడు తిరునెల్వేలి దగ్గర విజయనారాయణంలో నేవీ స్టేషన్ ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ 18.2 మీద, ఆస్ట్రేలియా నార్త్ వెస్ట్ కేప్ స్టేషన్ 19.8 మీద వస్తాయి. రెండూ ఆ పరిధిలోనే ఉన్నాయి.

మోటార్ వైండింగ్ షాపుకు వెళ్లి 26 గేజ్ ఎనామిల్ తీగ 300 గ్రాములు అడుగు, తూకం వేసి ఇస్తారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు చెక్క ఫ్రేమ్ చేసి 50 చుట్లు చుట్టు. రెండు కొసల దగ్గర ఎనామిల్ బ్లేడుతో పూర్తిగా గీకెయ్, తీగ ఎర్రగా మెరిసేదాకా. సగం గీకి టంకం పెడితే అంటుకున్నట్టే కనిపిస్తుంది కానీ సిగ్నల్ రాదు, నేను మొదటిసారి రెండు రోజులు అక్కడే ఆగిపోయాను. కొసల నుంచి షీల్డ్ వైరుతో మైక్ సాకెట్‌కు కలుపు, సిగ్నళ్లను తెర మీద గీతలుగా చూపే స్పెక్ట్రమ్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, అది పెట్టుకో. విండోస్‌లో మైక్‌కు ఉండే నాయిస్ సప్రెషన్ తప్పకుండా ఆపెయ్, లేకపోతే మాట కానిదాన్నంతా అదే తీసి పారేస్తుంది.

వాటర్‌ఫాల్, విశాఖ
రాగితీగ అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ కొత్తవాడికి ఇది సరైన దారి కాదు. లూప్ చుట్టి, కలిపి, తెర నిండా 50 హెర్ట్జ్ హార్మోనిక్స్, అంటే ఇంటి కరెంటు గోల గీతలు చూసి, ఇదేనా రేడియో అనుకుని చెక్క ఫ్రేమ్ అటక మీద పడేసినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. సిగ్నల్ ఎలా ఉంటుందో ముందు తెలియాలి కదా. నెదర్లాండ్స్‌లో ట్వెంటె యూనివర్సిటీ వెబ్ ఎస్‌డీఆర్ (బ్రౌజర్‌లోనే వినే రిసీవర్) ఉంది, సున్నా నుంచి 29 మెగాహెర్ట్జ్ దాకా ఎవరైనా ఉచితంగా వినొచ్చు. అక్కడ జర్మనీ టైమ్ సిగ్నల్ డీసీఎఫ్77, 77.5 కిలోహెర్ట్జ్ మీద సెకనుకోసారి ఎలా తగ్గి లేస్తుందో చూడమనండి. అది చూశాక డబ్బు కూడబెట్టుకుని, కిందికంటా దిగే మంచి ఎస్‌డీఆర్ కొనుక్కుంటే 24 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ ఉండదు. జపాన్ 40, 60 కిలోహెర్ట్జ్ టైమ్ సిగ్నళ్లకు, ఎయిర్‌పోర్టుల బీకన్లకు ప్రయత్నించొచ్చు. సౌండ్ కార్డుతో అవేవీ కుదరవు.

పాతహ్యామ్, సికింద్రాబాద్
ఇద్దరూ వినడం దగ్గరే ఆగారు. ప్రయోగం అంటే పంపడం కూడా. దానికి డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం) లైసెన్స్ లేకుండా ఒక్క వాటు కూడా వదలకూడదు, ఈ విషయంలో నేను మొహమాటపడను. అంతర్జాతీయంగా 2007లో 135.7 నుంచి 137.8 కిలోహెర్ట్జ్, 2012లో 472 నుంచి 479 అమెచ్యూర్లకు ఇచ్చారు. ఏ బ్యాండ్‌లో ఎంత పవర్ వాడొచ్చో మన లైసెన్స్ షరతులు చూసుకునే దిగాలి. అదొక ప్రపంచం బాబూ. 137 దగ్గర తరంగం పొడవు 2,200 మీటర్లు, అందులో పావు అంటే 550 మీటర్లు. మేడ మీద 12 మీటర్ల తీగ కట్టి 100 వాట్లు తోసినా గాలిలోకి పోయేది వాటులో చిన్న ముక్క, మిగిలిందంతా పొట్టి తీగను ఆ ఫ్రీక్వెన్సీకి సరిపెట్టే లోడింగ్ కాయిల్‌లో, నేలలో వేడి అవుతుంది. ఆ కాయిల్ పై కొసన వేల వోల్టులు ఉంటాయి, చేయి పెడితే కాలిపోతుంది. ఇలాంటివి పుస్తకం చూసి నేర్చుకునేవి కావు, పక్కన మనిషి ఉండాలి. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ గారి బృందం హ్యామ్ సెట్లతో అండమాన్‌లోనే ఉంది, ఫోన్లు పోయిన రోజుల్లో కబుర్లు చేరవేసింది వాళ్లే. ఆ క్రమశిక్షణ లైసెన్స్‌తోనే వస్తుంది. కాబట్టి పరీక్షే ముందు.

రాగితీగ, తెనాలి
పాతహ్యామ్ గారూ, పంపే విషయంలో మీరు చెప్పిన ప్రతి మాటా నిజం, అందులో వాదన లేదు. కానీ కుర్రాడు అడిగింది వినడం గురించి. లైసెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోమంటే ఆ ఉత్సాహం ఎన్నాళ్లు నిలుస్తుందండీ?

వాటర్‌ఫాల్ తమ్ముడూ, ట్వెంటెలో వినేది అక్కడి యాంటెన్నా చెవులతో. నీ ఇంట్లో ఏముందో అది చెప్పదు. ఈ బ్యాండ్‌లో అసలు పాఠం నాయిస్. ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టర్, ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, లాప్‌టాప్ సొంత చార్జర్, ఇవన్నీ ఈ ఫ్రీక్వెన్సీల్లోనే గోల చేస్తాయి. 50 వేలు పెట్టి ఎస్‌డీఆర్ కొన్నా ఆ గోల తగ్గదు, ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది అంతే. దానికి తోడు హైదరాబాద్‌లో ఉంటే ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్, మా వైపు విజయవాడ 837, అంత బలమైన మీడియం వేవ్ స్టేషన్ పక్కనుంటే ఫిల్టర్ లేని ఎస్‌డీఆర్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

లూప్‌కు ఒక గుణం ఉంది, తిప్పితే వింటుంది, తిప్పితే మానుతుంది. ఫ్రేమ్ అంచు స్టేషన్ వైపు ఉంటే గట్టిగా వస్తుంది, పలక ముఖం అటు తిప్పితే మాయమవుతుంది. అలాగే పక్కింటి ఇన్వర్టర్ గోలను కూడా చాలావరకు మాయం చేయొచ్చు. 2024 మే 11న ఉదయం ఏడు కాకముందే సూర్యుడి మీద ఎక్స్5.8 ఫ్లేర్ (చాలా బలమైన సౌర జ్వాల) వచ్చింది. మా మేడ మీద ఈ చెక్క ఫ్రేమే, 19.8 గీత ఒక్కసారిగా పైకి లేచి నెమ్మదిగా అరగంట పైన దిగింది. పైన అయనోస్ఫియర్‌లో (రేడియో తరంగాలను వంచే పై వాతావరణం) అడుగున ఉండే డి పొర ఎక్స్‌రేలకు గట్టిపడితే ఇక్కడ నా గ్రాఫ్ వంగింది. నా చేత్తో చుట్టిన తీగలో సూర్యుడు కనిపించాడు. ఇది కొన్న డబ్బాతో రాదని కాదు, వస్తుంది. కానీ ఎందుకు వచ్చిందో అర్థమయ్యేది చుట్టినవాడికే.

వాటర్‌ఫాల్, విశాఖ
మే 11 గ్రాఫ్ మాట ఒప్పుకుంటున్నాను అన్నా. కానీ మీకు మేడ ఉంది. మాది అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు, లిఫ్ట్ మోటార్ గోడ అవతలే. ఏ వైపు తిప్పినా నాలుగు దిక్కుల నుంచీ నాయిస్ వస్తుంది. అలాంటివాడికి ముందు వెబ్ ఎస్‌డీఆరే అని ఇప్పటికీ అంటాను.

అనంతగిరి_వాసి
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా వికారాబాద్ జిల్లా దామగుండంలో నేవీ రెండో వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) స్టేషన్ కడుతోంది, 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన అయింది, దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి. మూసీ పుట్టేచోట చెట్లు పోతాయని మావాళ్లు చాలా బాధపడ్డారు, నేను కూడా. అది మొదలైతే హైదరాబాద్ చుట్టుపక్కల లూప్‌లో దాని సిగ్నల్ మిగతావాటిని మింగేస్తుందా, ఎవరైనా చెప్పగలరా?

రాగితీగ, తెనాలి
చెట్ల విషయంలో మీ బాధ న్యాయమే. సిగ్నల్ మాటకొస్తే, దగ్గరలో ఉన్నవాళ్లకు సౌండ్ కార్డు నిండిపోయే ప్రమాదం ఉంది, దాని ఫ్రీక్వెన్సీ తీసేసే ఫిల్టర్ పెట్టుకోవాల్సి రావచ్చు. మా తెనాలి దూరానికి అంత సమస్య ఉండదనుకుంటున్నా.

ఖమ్మం_కుర్రాడు
రెండు వారాలు పట్టింది, అందుకే ఆలస్యం. ముందు ట్వెంటెలో డీసీఎఫ్77 చూశాను, వాటర్‌ఫాల్ అన్న చెప్పింది పనికొచ్చింది, గీత అంటే ఎలా ఉండాలో తెలిసింది. తర్వాత లూప్ చుట్టాను. మొదటి రోజు తెరంతా అడ్డగీతలు, అసలేం లేదు. నిన్న రాత్రి అమ్మను అడిగి పది నిమిషాలు మెయిన్ ఆపాను, ఇన్వర్టర్ కూడా. లాప్‌టాప్ బ్యాటరీ మీద పెట్టి మేడ మీద ఫ్రేమ్ ఉత్తర దక్షిణాలుగా నిలబెడితే 18.2 దగ్గర సన్నని గీత. పక్కకు తిప్పాను, పోయింది. మళ్లీ తిప్పాను, వచ్చింది. తమ్ముడు అక్కడే ఉన్నాడు, వాడితో కూడా తిప్పించాను. తర్వాత ఇంట్లో స్విచ్చులు ఒక్కొక్కటే వేయమన్నాను, వంటింటి ఎల్‌ఈడీ ట్యూబ్ వేయగానే గీత మునిగిపోయింది. రేపు ఆ ట్యూబ్ మారుస్తున్నాం. 19.8 ఇంకా దొరకలేదు, ఆగ్నేయం వైపు తిప్పి చూశాను. ఏ వేళ ప్రయత్నించాలి అన్నా? పాతహ్యామ్ గారూ, హ్యామ్ లైసెన్స్ రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్షకు ఎలా చదవాలో కూడా చెప్పండి, సెమిస్టర్ అయ్యాక రాస్తాను.