అప్‌డేట్: అమ్రాబాద్ ఆవుల మందకు జీతం కుదిరాను

నల్లగొండ దగ్గర ముర్రా బర్రెల డెయిరీలో పాలు పిండే పని మానేసి, అమ్రాబాద్ వైపు పొడ తూర్పు జాతి ఆవుల మందకు జీతం ఉండవచ్చునా అని నేను అడిగినప్పుడు, ఏడాది జీతం ముందే తీసుకుంటే అది అప్పులా మెడకు చుట్టుకుంటుందని, అలా తీసుకోవద్దని మీలో చాలామంది హెచ్చరించారు. అందుకే నెలనెలా జీతానికే ఒప్పుకున్నాను. అప్పు ఇచ్చి మనిషిని పనికి కట్టిపడేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించిందని ఒకరు గుర్తుచేసిన మాట, యజమానితో మాట్లాడేటప్పుడు అక్కరకు వచ్చింది.

డెయిరీలో నేర్చినది ఇక్కడ సగమే పనికివస్తోంది. ఒంటి నిండా మచ్చలుండే ఈ పశువులను పాల కోసం కాక దుక్కిటెద్దుల కోసమే పెంచుతారు. కోడెలు అమ్ముడుపోతేనే యజమానికి రాబడి. దాణా, కోసి వేసే గడ్డి లేవు, మేతంతా నల్లమలలోనే, కనుక పొద్దంతా మంద వెంట నడవడమే పని. (మోకాళ్ల సంగతి అడగకండి.) వానలకు ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించాలి. మంద మేతకు వెళ్లినా దూడలను మాత్రం దొడ్డిలోనే ఉంచుతాము.

చిరుతపులి పశువును చంపితే ఆ నష్టాన్ని నా జీతంలో కోయకూడదని కూడా ముందే మాట్లాడుకున్నాను. అటవీ శాఖ పరిహారం ఇస్తుంది కాబట్టి, వెంటనే వారికి కబురు చేయడం వరకే నా బాధ్యత అని యజమాని ఒప్పుకున్నారు.