మొక్కజొన్నలో అట్రజిన్, టెంబోట్రియోన్ కలిపితే నాజిల్ మూసుకుపోతోంది

మొక్కజొన్న 18 రోజుల పైరు. ఎకరాకు కలుపు మందులు అట్రజిన్ 50 శాతం పొడి 400 గ్రాములు, టెంబోట్రియోన్ 115 మి.లీ. కలిపి కొట్టాలి. పంపు 16 లీటర్లది. రెండూ నేరుగా ట్యాంకులో పోస్తే అడుగున ముద్ద కడుతోంది. ఏది ముందు వేయాలి?

జవాబు 1: పొడే ముందు, కానీ ట్యాంకులో కాదు. బకెట్లో కొద్ది నీళ్లతో ఉండలు లేకుండా జావలా కలపండి. నీళ్లు పెంచి, సీసా బాగా ఊపి టెంబోట్రియోన్ పోయండి. మొత్తం 12 లీటర్లు చేయండి. ఎకరాకు 12 ట్యాంకులు, ట్యాంకుకు లీటరు. ట్యాంకులో సగం నీళ్లు పోశాకే ఈ లీటరు వడకట్టి పోయాలి, తర్వాత నింపాలి. మందుతో ఇచ్చే సర్ఫాక్టెంట్ (మందు ఆకుల మీద పరుచుకునేలా చేసే ద్రవం) చివర్లో, లేకపోతే నురగే నురగ.

జవాబు 2: లీటరు ముంచే ప్రతిసారీ బకెట్ కలియబెట్టండి అన్నా. అట్రజిన్ నీళ్లలో సరిగా కరగదు, కలియబెట్టినంతసేపే నీళ్లలో తేలుతుంది. వదిలేస్తే అడుగుకు దిగి మొదటి ట్యాంకులు పలచన, చివరివి చిక్కన. కాలువ బురదనీళ్లు వద్దు. ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ (విసనకర్రలా పరిచి కొట్టేది) పెట్టండి.

అడిగినవారు: కత్తెర పురుగు మందు కూడా ఇందులోనే కలపొచ్చా?

జవాబు 1: వద్దు. పురుగు మందు మొక్కజొన్న సుడిలో పడాలి, ఇది కలుపు ఆకుల మీద పడాలి. విడిగా కొట్టండి. మధ్యలో కంది, పెసర లాంటి అంతరపంట ఉంటే ఈ మిశ్రమమే కొట్టొద్దు, మాడిపోతుంది.

జవాబు 3: పంపులో అంతకుముందు ఏం కొట్టారో చూసుకోండి. 2,4-డి అనే కలుపు మందు కొట్టిన పంపు పత్తికి అసలు వాడకండి; ఎంత కడిగినా గొట్టంలో మిగిలిన కాస్తకే ఆకులు ముడుచుకుంటాయి.