ప్రభువు బల్లకు ముందు హృదయాన్ని పరిశోధించవలసింది మనమా, దేవుడా?

మారతహళ్ళి సహోదరుడు:
అందరికీ వందనాలు. బెంగళూరులో మేము వెళ్లే తెలుగు సంఘంలో నెలకొకసారి ప్రభువు బల్ల (యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) ఉంటుంది. మూడు నెలలుగా, చిన్న గ్లాసుల పళ్ళెం నా వరుసకు వచ్చేసరికి, లోపల ఇంకా ఏదో అపవిత్రత మిగిలి ఉందన్న భయంతో దాన్ని ముట్టకుండానే పక్కవారికి అందిస్తున్నాను. “ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను” అని ఈ బల్ల గురించే కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో అన్నాడు అపొస్తలుడైన పౌలు. ఎంత వెతికితే అంత బయటపడుతోంది. ఈ వెతుకులాట నిజంగా నా పనేనా?

కె.ఆర్.పురం, విశ్రాంత ఉపాధ్యాయుడు:
మీ పనే, బాబూ. పౌలు దాన్ని కాపరికి గానీ పెద్దలకు గానీ అప్పగించలేదు. నేను ప్రతి శనివారం రాత్రి ఆ వారంలో ఆడిన మాటలు, పెంచుకున్న కోపాలు నోటుపుస్తకంలో రాసుకుంటాను. 16వ శతాబ్దంలో కతోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా రోజుకు రెండుసార్లు ఆత్మపరిశీలన చేసుకోమని నేర్పాడు. కతోలికుడన్న కారణంతో ఆయన మాటను తోసిపుచ్చనవసరం లేదు.

ఎలక్ట్రానిక్ సిటీ సహోదరి:
మాస్టారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. హృదయం అన్నిటికంటె మోసకరమైనదని బైబిల్లో యిర్మీయా 17:9 చెబుతుంటే, ఆ హృదయాన్నే న్యాయాధిపతిగా కూర్చోబెట్టడం దొంగ చేతికి తాళాలివ్వడమే. ఆ వెంటనే పదో వచనంలో, హృదయాన్ని పరిశోధించేవాడిని నేనేనని దేవుడు అంటున్నాడు. 139వ కీర్తనలో దావీదు కూడా తనను పరిశోధించమని దేవుణ్ణే వేడుకున్నాడు. ప్రొటెస్టంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ అంతకుముందు మఠంలో గంటల తరబడి పాపాలు ఒప్పుకున్నా, బయటికి రాగానే మరొకటి గుర్తొచ్చేది. ఆ దారిలో ఆయనకు నెమ్మది దొరకలేదు.

హొరమావు గృహిణి:
నా అనుభవం చెబుతాను. ఒక బల్ల ఆదివారానికి ముందు ఉపవాసముండి, ప్రార్థనలో మనసు చెదరడం మొదలుకొని అన్నీ ఒప్పుకున్నాను. ఆ వారమే మా పనిమనిషి జ్వరంతో రాని రెండు రోజులకు నేను జీతం కోసిన సంగతి మాత్రం ఒక్కసారైనా గుర్తుకు రాలేదు. మా అమ్మాయి అడిగితే తప్ప. హృదయం తనకు నచ్చిన మూలలనే ఊడ్చుకుంటుంది. అందుకే ఆ కొరింథీ పత్రిక 11వ అధ్యాయాన్ని 21వ వచనం నుంచి చదవండి: అక్కడి తప్పు, ఒకడు ఆకలితో ఉండగా మరొకడు తాగి మత్తులో ఉండడం. పౌలు పరీక్షించుకోమన్నది ముందుగా పక్కవాడితో మన నడవడి గురించే. పైగా 28వ వచనం పరీక్షతో ఆగదు. “ఆలాగుచేసి ఆ రొట్టెను తిని” అని సాగుతుంది. పళ్ళెం పక్కకు పంపమని అందులో లేదు.

కె.ఆర్.పురం, విశ్రాంత ఉపాధ్యాయుడు:
జీతం సంగతి నన్నూ తాకిందమ్మా. నా పుస్తకంలోనూ అలాంటి పద్దులు తక్కువే. అయితే మోహపు చూపు కూడా వ్యభిచారమేనన్న ప్రభువు, నడవడికలోకి రాని దాన్ని లెక్కించడనుకోకండి. లోపలి సోదా అక్కర్లేదంటే నేను ఒప్పుకోను.

మారతహళ్ళి సహోదరుడు:
మాస్టారూ, నా చిక్కంతా ఆ చూపుల సోదాలోనే ఉందనుకున్నాను. కానీ అక్క రాసింది చదివాక, పొలం పంపకం దగ్గర మాటలు మానేసిన మా అన్నయ్య గుర్తొచ్చాడు. ఈ మూడు నెలల్లో ఒక్కనాడూ రాలేదు ఆ తలపు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఫోన్ చేస్తే ఎత్తుతాడో లేదో.